తిరగవేసిన భిన్నం

తెలుగు అధ్యాపకుడు గణితాన్ని గురించి వ్యాసం వ్రాయడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కావ్యమూ వ్యాకరణమూ విడిచి ఇతనికి ఈ భిన్నాల గొడవ ఎందుకని కొందరు నవ్వుకొనవచ్చును. ఛందస్సు చెప్పేవాడికి లెక్క తప్పదన్నది నా మొదటి సమాధానం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. గురువును ప్రమాణంగా తీసుకుంటే లఘువు సగం. లఘువును ప్రమాణంగా తీసుకుంటే గురువు రెండింతలు. చూసే చోటు మారితే సగం రెండయింది, రెండు సగమయింది. ఈ రెండు సంఖ్యల నడుమ ఉన్న సంబంధాన్నే గణితంలో వ్యుత్క్రమం అంటారు. పద్యపాదాన్ని గణవిభజన చేసే ప్రతి విద్యార్థీ తనకు తెలియకుండానే వ్యుత్క్రమాలతో వ్యవహరిస్తున్నాడన్నమాట.

రెండవ సమాధానం మన కళాశాలకు సంబంధించినది. సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకొనే విద్యార్థులు కొందరుంటారు. వారిలో ఉర్దూ మాధ్యమంలో చదివివచ్చినవారున్నారు, తెలుగు మాధ్యమంలో చదివివచ్చినవారున్నారు. వార్తాపత్రికలు తిరగవేయడానికి నేనూ అక్కడే కూర్చుంటాను. వారు నన్ను సంధులు, సమాసాలు అడగవలసిన మాట నిజమే గాని, తరచుగా అడిగేది మాత్రం భిన్నాల భాగహారం. "సార్, రెండో భిన్నాన్ని తిరగవేసి గుణించాలని తెలుసు. ఎందుకు తిరగవేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు" అని ఒక విద్యార్థిని అన్నది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్లు సూత్రాన్ని సూత్రంగా మ్రింగినవారికి లెక్క కొద్దిగా మారితే చాలు, కాళ్ళు తడబడతాయి. ఎందుకు అని అడిగినవారికి ఆ భయం లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబే.

ముందుగా మాటల సంగతి చూద్దాం. అది నా వృత్తిధర్మం. సంస్కృతంలో 'భిన్న' అంటే బ్రద్దలైనది. ఒక పూర్ణవస్తువు పగిలి ముక్కలైతే ఆ ముక్కను తెలిపే సంఖ్య భిన్నం. ఉర్దూలో భిన్నాన్ని 'కసర్' అంటారు. అది అరబ్బీ నుండి వచ్చిన మాట. దానికీ విరగడమనే అర్థం. ఎక్కడి సంస్కృతం, ఎక్కడి అరబ్బీ! రొట్టె విరిచినా, కొబ్బరికాయ కొట్టినా మనిషికి తోచిన ఊహ ఒక్కటే. ఇక 'వ్యుత్క్రమం' అంటే క్రమం తప్పినది, తలక్రిందులైన వరుస. ఉర్దూ గణిత పుస్తకాలలో దీనిని 'జర్బీ మాకూస్' అంటారు. జర్బ్ అంటే గుణకారం. మాకూస్ అంటే తిరగబడినది. అద్దంలోని ప్రతిబింబానికి చెప్పే 'అక్స్' అనే మాటకూ దీనికీ మూలం ఒకటే. మన తెలుగు పుస్తకాలు 'గుణకార విలోమం' అన్నపుడు చెబుతున్నదీ సరిగ్గా ఇదే. రెండు మాధ్యమాల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చొని ఈ మాటలను పోల్చి చూసుకుంటే చాలు, సగం బెదురు తీరిపోతుంది.

నిర్వచనం చాలా చిన్నది. ఏ రెండు సంఖ్యలను గుణిస్తే 1 వస్తుందో ఆ రెండూ పరస్పరం వ్యుత్క్రమాలు. 3/4 కు వ్యుత్క్రమం 4/3. ఎందుకంటే ఆ రెండింటి లబ్ధం 12/12, అనగా 1. లవం హారమవుతుంది, హారం లవమవుతుంది. 5 వంటి పూర్ణసంఖ్యకు హారం కనబడదు గాని, దానిని 5/1 గా వ్రాసుకుంటే వ్యుత్క్రమం 1/5 అని వెంటనే తెలుస్తుంది. ఋణసంఖ్యకు గుర్తు మారదు. -2/3 కు వ్యుత్క్రమం -3/2 మాత్రమే. 1 కి 1, -1 కి -1 తమకు తామే వ్యుత్క్రమాలు. సున్నకు మాత్రం వ్యుత్క్రమం లేదు. సున్నను దేనితో గుణించినా సున్నయే గాని ఒకటి రాదు గనుక, దానికి జత కలిసే సంఖ్య పుట్టదు. హారంలో సున్న ఉన్న రాశిని పన్నెండవ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'ఖహరం' అని పిలిచి, అది అనంతమన్నాడు. నేటి గణితం దానిని అనిర్వచితమంటుంది. తక్కిన సంఖ్యలన్నిటికీ తోడు ఉన్నది. సున్న ఒక్కటే ఒంటరి.

మిశ్రమ భిన్నం దగ్గరకు వచ్చేసరికి చాలామందికి చిక్కు పడుతుంది. 2¼ కు వ్యుత్క్రమం ఏమిటని అడిగితే, కొందరు 2 ను కదల్చకుండా ¼ ను మాత్రం తిరగవేసి 4 చేస్తారు. అపుడు 2 కు 4 కలిసి 6 అవుతుంది. మరికొందరు 2 ను ½ చేసి, ¼ ను 4 చేసి, రెండూ కూడి 4½ అంటారు. సరిచూడడం సులభం. 2¼ ను 6 తో గుణిస్తే 13½ వస్తుంది. 4½ తో గుణిస్తే 10⅛ వస్తుంది. ఒకటి ఎక్కడ, ఇవి ఎక్కడ! 2¼ అన్నది 2, ¼ అనే రెండు సంఖ్యల కూడిక. కాని అది ఒకే రాశి. కూడికను విడివిడిగా తిరగవేయకూడదు. రెండు మీటర్ల బట్టనూ పావు మీటరు బట్టనూ ముందు ఒకే కొలతలోకి తేవాలి. ఒక్కొక్క మీటరులో నాలుగు పావులు. రెండు మీటర్లలో ఎనిమిది. పైన ఉన్నది ఒకటి. మొత్తం తొమ్మిది పావులు. అనగా 9/4. ఇక తిరగవేస్తే 4/9. మిశ్రమ భిన్నాన్ని అపక్రమ భిన్నంగా మార్చి, ఆ పిమ్మట వ్యుత్క్రమం వ్రాయాలి. ఇంతకు మించిన రహస్యం లేదు. ఇంకొక గుర్తు కూడా ఉన్నది. మన పాఠాలలో వచ్చే ధన మిశ్రమ భిన్నం ఎప్పుడూ ఒకటికంటె పెద్దది. కనుక దాని వ్యుత్క్రమం తప్పనిసరిగా ఒకటికంటె చిన్నదై ఉండాలి. జవాబు ఒకటిని మించితే కలం క్రింద పెట్టి మళ్ళీ చూడవలసిందే.

ఈ విషయంలో ఉర్దూ విద్యార్థులకు ఒక చక్కని సౌకర్యం ఉన్నది. 1¼ ను 'సవా' అనీ, 1½ ను 'డేఢ్' అనీ, 2½ ను 'ఢాయీ' అనీ వారు ఒక్క మాటలో చెబుతారు. రెండు భాగాలుగా వ్రాసే సంఖ్య నిజానికి ఒకే రాశి అన్న సత్యం ఆ మాటలోనే ఉన్నది. సవాకు వ్యుత్క్రమం 4/5, డేఢ్‌కు 2/3, ఢాయీకి 2/5. తెలుగు విద్యార్థులు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. 'రెండుంబావు', 'రెండున్నర' అనే మన మాటలలో సంధి జరిగి రెండు పదాలు ఒకటయ్యాయి. సంధి కలిసిన పదానికి విభక్తి చేర్చేటపుడు మొత్తానికి చేరుస్తాం గాని ముక్కముక్కకు చేర్చము గదా! మిశ్రమ భిన్నాన్ని తిరగవేయడం కూడా అటువంటిదే.

ఇపుడు అసలు ప్రశ్న: భాగహారంలో ఎందుకు తిరగవేయాలి? దుకాణానికి వెళ్ళి ఆలోచించండి. ఒక కిలో చక్కెరలో పావుకిలో పొట్లాలు ఎన్ని? నాలుగు. అనగా 1 ని ¼ తో భాగిస్తే 4. మరి ముప్పావుకిలో పొట్లాలు ఎన్ని? ఒక పొట్లం నిండిన తరువాత పావుకిలో మిగులుతుంది. ఆ పావు, ముప్పావులో మూడవ వంతు. కనుక ఒకటీ, ఇంకొక పొట్లంలో మూడవ వంతూ. అనగా 1⅓, అనగా 4/3. 3/4 ను మనం తిరగవేయలేదు, చక్కెరే తిరగవేసింది! ఒక కిలోలో 4/3 పొట్లాలున్నపుడు ఆరు కిలోలలో దానికి ఆరింతలు, 8 పొట్లాలు. కనుక 3/4 తో భాగించడమంటే 4/3 తో గుణించడమే. వ్యుత్క్రమం చెప్పేది ఇదే: 'ఒకటిలో నేను ఎన్నిసార్లు ఉన్నాను?'

ఈ జ్ఞానం నిన్న మొన్నటిది కాదు. నాలుగు వేల సంవత్సరాల నాటి బాబిలోనియా లేఖకులు తడి మట్టి పలకల మీద వ్యుత్క్రమాల పట్టికలు చెక్కుకున్నారు. వారి లెక్క అరవై మీద నడిచేది కనుక 2 ఎదుట 30, 3 ఎదుట 20, 4 ఎదుట 15, 5 ఎదుట 12 అని ఉండేవి. భాగించవలసి వచ్చినపుడు పట్టిక చూసి వ్యుత్క్రమంతో గుణించేవారు. మన దేశంలో తొమ్మిదవ శతాబ్దంలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు తన 'గణితసార సంగ్రహం'లో భాజకపు హారాన్ని లవంగానూ లవాన్ని హారంగానూ మార్చి గుణకారంలో వలెనే చేయవలెనని స్పష్టంగా సూత్రీకరించాడు. 1150 లో రచితమైన 'లీలావతి'లో భాస్కరాచార్యుడు చెప్పినదీ ఇదే. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో సాహిత్య చరిత్ర పాఠంలో పావులూరి మల్లన పేరు విన్నపుడు నేను ఎంతో ఆనందించాను. మహావీరాచార్యుని గ్రంథాన్ని ఆయన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. పదకొండవ శతాబ్దివాడని పలువురు చెప్పే ఆ కవి, తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు దారి తీసినవారిలో ప్రథమగణ్యుడు. గణితం మనకు పరాయి భాషలోనే అబ్బుతుందనుకొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

గ్రంథాలయంలో విద్యార్థులతో చేసిన ఒక లెక్కను ఇక్కడ చెబుతాను. ఒక దర్జీ దగ్గర 12½ మీటర్ల బట్ట ఉన్నది. ఒక్కొక్క కుర్తాకు 2¼ మీటర్లు కావాలి. ఎన్ని కుర్తాలు వస్తాయి? బట్ట ఎంత మిగులుతుంది? 12½ అంటే 25/2. దానిని 9/4 తో భాగించాలి. అనగా 4/9 తో గుణించాలి. 100/18, అనగా 50/9, అనగా 5 5/9. అయిదు కుర్తాలు వస్తాయి. ఇక మిగిలినది? అక్కడున్న అయిదుగురిలో ముగ్గురు 5/9 మీటరు అన్నారు. కొలిచి చూస్తే అయిదు కుర్తాలకు పట్టినది 11¼ మీటర్లు. 12½ లో అది పోతే మిగిలేది 1¼ మీటర్లు. భాగహారం తప్పలేదు. ఆ 5/9 మీటరులో భాగం కాదు, కుర్తాలో భాగం. ఒక కుర్తాకు పట్టే 2¼ మీటర్లలో 5/9 భాగమంటే సరిగ్గా 1¼ మీటర్లు. దేనిలో భాగమో చెప్పకుండా భిన్నాన్ని పలికితే దర్జీకీ ఖాతాదారుకూ తగాదా తప్పదు. బజారులో ఎన్నో మాటపట్టింపులకు మూలం ఇదే.

నిత్యజీవితంలో వ్యుత్క్రమం లేని చోటు లేదు. ఒక పనిని ఒకరు రెండున్నర రోజులలో చేస్తారు. మరొకరు 1⅔ రోజులలో చేస్తారు. ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజులు? రోజులను కూడి ప్రయోజనం లేదు. ఒక రోజులో మొదటివారు చేసే పని 2/5, రెండవవారు చేసేది 3/5. రెండూ కలిస్తే 1. కనుక సరిగ్గా ఒక్క రోజు. అట్లే 120 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 40 చొప్పున వెళ్ళి, 60 చొప్పున తిరిగివస్తే సగటు వేగం 50 అని తొందరపడరాదు. వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి రెండు, 240 కిలోమీటర్లకు అయిదు గంటలు, సగటు 48. చదువుకు పెట్టుకొనే కళ్ళజోడు 'పవర్' కూడా వ్యుత్క్రమమే. పవర్ 2½ అయితే ఆ కటకపు నాభ్యంతరం మీటరులో 2/5 వంతు, అనగా 40 సెంటీమీటర్లు. అక్షరాలు కనిపించేది సైతం ఈ తిరగవేసిన భిన్నం దయవల్లనే.

ఇంత చెప్పిన తరువాత, ఈ విషయం నా మనస్సులో ఎందుకు నాటుకున్నదో చెప్పడం న్యాయం. బాగ్దాదు నగరంలో తొమ్మిదవ శతాబ్దంలో నివసించిన అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన బీజగణిత గ్రంథంలో చాలా భాగం వారసత్వపు వాటాల లెక్కలే. సగం, పావు, ఎనిమిదవ వంతు, మూడవ వంతు, ఆరవ వంతు అని వాటాలు నిర్ణయమైన ధర్మశాస్త్రంలో భిన్నం తెలియనిదే న్యాయం జరగదు. సంతానమున్న స్త్రీకి భర్త ఆస్తిలో, అప్పులూ వీలునామా పోగా, ఎనిమిదవ వంతు.

2001 లో నేను ఎనిమిదవ తరగతి చదువుతుండగా మా మేనత్త భర్త మరణించాడు. మేము ఆమెను ఫుప్పూ అని పిలిచేవాళ్ళం. ఆమె బడికి పోయినది కాదు. ఉర్దూ చదవడం, వ్రాయడం, ఎక్కాలు ఇంట్లోనే మా తాతగారి దగ్గర నేర్చుకున్నది. ఎక్కాలంటే పూర్ణసంఖ్యలవి మాత్రమే కాదు. పౌనా, సవాయా, డేఢా ఎక్కాలు సైతం వంట చేస్తూ వల్లించేది. ఇల్లు అమ్మారు. దినాలు గడిచిన పిమ్మట పెద్దలందరూ కూర్చొని ఆమె వాటాగా నలభై ఐదు వేల రూపాయలు లెక్కపెట్టి ముందుంచారు. పిల్లల వాటాలు వేరుగా వ్రాసి ఉన్నాయి. అందరూ అది ముగిసిన విషయమనుకున్నారు. ఆమె డబ్బు ముట్టలేదు. పరదా వెనుకనుండి మెల్లగా, "భాయిజాన్, ఇది నా ఎనిమిదో వంతు గదా? అయితే మొత్తం ఎనిమిది నలభై ఐదులు, మూడు లక్షల అరవై వేలు కావాలి. ఇల్లు ఒక్కటే నాలుగు లక్షల ఇరవై వేలకు పోయింది. అప్పు ముప్పై వేలు. దుకాణంలోని సరుకు తొంభై వేలకు ఇచ్చారు. నాకు తెలిసిన మొత్తం నాలుగు లక్షల ఎనభై వేలు. ఈ లక్షా ఇరవై వేలు ఎక్కడున్నాయో చెప్పండి" అన్నది.

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాగితాలు మళ్ళీ తీశారు. సరుకు అమ్మిన తొంభై వేలు జాబితాలో చేరలేదు. అప్పు ముప్పై వేలు రెండుసార్లు తీసివేయబడింది. రెండూ కలిసి సరిగ్గా లక్షా ఇరవై వేలు. అది పొరపాటో, మరొకటో నాకు తెలియదు; ఫుప్పూ కూడా ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె వాటా అరవై వేలయింది. పిల్లల వాటాలు కూడా ఆ మేరకు పెరిగాయి. ఆ పదిహేను వేలకు తోడు మరికొంత చేర్చి ఆమె కుట్టుమిషన్లు కొన్నది. ఆ మిషన్ల మీదనే ఆమె కుమార్తెల చదువు నడిచింది.

తన వాటా ఎంతో తెలిసినవారు చాలామంది ఉంటారు. ఆ వాటాను తిరగవేసి మొత్తం ఎంతో అడగగలిగినవారు అరుదు. 1/8 కు వ్యుత్క్రమం 8 అన్నది అయిదు నిమిషాల పాఠం. ఆ అయిదు నిమిషాల పాఠం లేని పక్షంలో ఒక స్త్రీ ఎవరు ఎంత ఇస్తే అంతే తీసుకొని లేవవలసి వచ్చేది. చేతికి వచ్చిన వంతును చూసి మొత్తాన్ని తెలుసుకోవడం, మొత్తాన్ని చూసి న్యాయమైన వంతును తెలుసుకోవడం, ఈ రెండూ పౌరుడికి ఉండవలసిన కనీసపు అక్షరాస్యత అని నా విశ్వాసం.

ప్రియ విద్యార్థులారా! మీలో లెక్కలంటే జంకేవారు ఎందరో నాకు తెలుసు. మిశ్రమ భిన్నాన్ని ముందు అపక్రమ భిన్నం చేయండి; తిరగవేయండి; రెండింటినీ గుణించి ఒకటి వచ్చిందో లేదో సరిచూడండి. పరీక్షకు ఇది చాలు. కాని అంతటితో ఆపవద్దు. ఇంటికి వెళ్ళిన తరువాత బడికి పోయే భాగ్యం కలగని అమ్మనో, అక్కనో, పిన్నినో ప్రక్కన కూర్చోబెట్టుకొని ఒక కిలోలో ముప్పావులు ఎన్నో అడగండి. వారికి తెలిసి ఉంటే మీరు నేర్చుకోండి. తెలియకపోతే అయిదు నిమిషాలు వెచ్చించి నేర్పండి.